రావలసిన ఫలితం

ఉల్లిగడ్డలు తెమ్మంటే తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందిలో ఇద్దరే తెచ్చారు. ఒకటి కుళ్ళింది. రెండోది సగం ఉల్లిగడ్డ. తక్కిన సగం ఆ ఇంటివాళ్ళు సంగటిలోకి నంజుకున్నారు.

హేమావతికి కోపం రాలేదు. కళ్యాణదుర్గం సంతలో ఆ వారం ఉల్లిగడ్డ ధర ఎంతో ఆమెకూ తెలుసు. తన ఇంట్లో పోపులోనూ ఉల్లిగడ్డ ఈమధ్య గుర్తుకోసం మాత్రమే పడుతోంది. అయితే ఈ ఏడు కణవిభజన పాఠాన్ని పిల్లల చేత చేయించి, కళ్ళతో చూపించి చెప్పాలని ఆమె గట్టిగా అనుకుంది. పదకొండేళ్ళుగా ఆ పాఠాన్ని బోర్డు మీద బొమ్మలతోనే లాగించింది. వేసవిలో అనంతపురంలో జరిగిన శిక్షణలో, ఉల్లిగడ్డను గ్లాసు మూతి మీద కూర్చోబెట్టి అడుగున నీళ్ళు తగిలిస్తే వేళ్ళు దిగుతాయనీ, ఆ వేరు కొనలో కణాలు ఒకటి రెండవుతూ పట్టుబడతాయనీ చెప్పారు. మధ్యాహ్నం భోజనం కూడా బాగుండటంతో ఆమె శ్రద్ధగా విన్నది.

మొదటి రోజు దారాలతో గడిచింది. ధర్మవరంలో మగ్గం నేసే చెల్లెలి ఇంటి నుంచి తెగిన పట్టుపోగులు సంచీ నిండా తెచ్చింది. నలుగురికో జట్టు. గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గుండ్రం కణం, అందులో పరిచిన ఎరుపు, పసుపు పోగులు క్రోమోజోములు. ప్రతి పోగు పక్కనా అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టి నడుమ ముడి వేయాలి. ముడులన్నీ గుండ్రం మధ్యకు తెచ్చి వరుసలో నిలపాలి. ఆ తరువాత ముడి విప్పి చెరో పోగూ చెరో పక్కకు లాగి, నడుమ గీత గీస్తే కణాలు రెండు. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ ముడులు వేశారు.

ఓబిలేష్ అనే పిల్లవాడు గీత గీసి తలెత్తాడు. "మేడం, మా తాత చేను నలుగురు కొడుకులకు పంచితే ఒక్కొక్కరికి తువ్వాలంత వచ్చింది. ఈ కణమేంది మేడం, పంచేకొద్దీ పెరుగుతాంది?"

కణం కడుపు నిండినప్పుడు పంచుకుంటుందనీ, మనుషులు నిండనప్పుడు పంచుకుంటారనీ హేమావతి చెప్పింది. అది సిలబస్‌లో లేదు.

ఉల్లిగడ్డకు బదులు శనక్కాయ గింజ పనికొస్తుందా అని అడిగింది ప్రసూన. ఆ ఊరి రైతు సోమప్ప కూతురు. ఒకసారి వేసిన ముడిని రెండోసారి లాగి చూసుకునే రకం. "అది అందరిండ్లల్లో ఉండాది మేడం," అంది.

నిజమే. రెండువేల మూడు జూన్ అది. వరుసగా మూడో కరువు. ఇంటి విత్తనం దాచుకున్న కొంపలు ఊళ్ళో మూడో నాలుగో. తక్కినవాళ్ళంతా విత్తనాల డిపోలో వరుసలో నిలబడి సబ్సిడీ విత్తనం తెచ్చుకుని, మూటలు గోడకు ఆనించి, వానకోసం చూస్తున్నారు. వాన పడేదాకా విత్తనం మూట కుట్టు విప్పరు ఆ ఊళ్ళో. పిల్లలు కుట్ల సందుల్లోంచి వేళ్ళు దూర్చి ఐదారు కాయలు లాగి, ఒలిచి, తలా పది గింజలు తెచ్చారు. సోమవారం నాడు తడిగుడ్డల్లో చుట్టి, స్టీలు గ్లాసుల్లో, కొబ్బరి చిప్పల్లో పెట్టి, పేర్లు రాసిన చీటీలు అంటించి కిటికీ అరుగు మీద వరుసగా పేర్చారు. మూడు పూటలా తడపడం ప్రసూన పని.

గురువారం గుడ్డలు విప్పితే గది నిండా వాసన కొట్టింది.

జిగురు పట్టిన గింజలు. నొక్కితే పప్పు పిండిలా వేళ్ళకు అంటుకుంటోంది. ఒక్కో గ్లాసులో రెండో మూడో మొలిచాయి, కొన్నింట్లో ఒకటే. హేమావతికి ఇప్పుడు కోపం వచ్చింది. తడపమంటే ముంచి చంపావని ప్రసూనను ఆ పీరియడ్ అంతా నిలబెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. నిలబడిన చోటు నుంచే కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. గంట కొట్టాక ఎవరూ చెప్పకుండానే పోయి, వరుసలోంచి మూడు గ్లాసులు తీసి పక్కన పెట్టింది. ఆ మూడింట్లోనూ గింజలు బొటనవేలంత తెల్లటి వేళ్ళు వేసుకుని గుడ్డను చీల్చుకున్నాయి.

"ఇవి ఇంటి విత్తనం మేడం. అవన్నీ డిపోవి," అంది. "నీళ్ళు అన్నిట్లో ఒకే చెంబుతో పోసినా."

హేమావతి రెండు వరుసల వైపూ చూసింది. ఆ తరువాత ప్రసూనను కూర్చోమంది.

ఆ సాయంత్రం బస్సులో, ఊరి పొలిమేర దాటేదాకా దుక్కి దున్ని ఉంచిన ఎర్రటి చేలే కనిపించాయి. ఒక్క వాన పడితే చాలు, నేల పదును ఆరేలోగా ఊరంతా ఆ విత్తనమే వేస్తుంది. పదికి ఎనిమిది చచ్చిన విత్తనం.

*

హెడ్‌మాస్టరు నారాయణప్పగారికి రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. స్కూల్లో ఏమీ జరగకపోవడమే మంచి పరిపాలన అని ఆయన నమ్మకం. మైక్రోస్కోపు కొన్న ఏడు ఒకసారి తెరిచి, బాగున్నదని రిజిస్టరులో రాసి, మళ్ళీ మూసిన బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. హేమావతి శుక్రవారం ఉదయం చెప్పిందంతా విని, ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగారు. నలభై మంది పిల్లలకని ఆమె చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మధ్యాహ్నానికి చెన్నప్ప వచ్చాడు. విత్తనాల డిపో ఆయనదే, బడి కమిటీ పెద్దా ఆయనే. ఎవరు కబురు చేశారో హేమావతి అడగలేదు. తెల్లచొక్కా నలగకుండా, చెప్పులు గడప బయట విడిచి లోపలికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని అరుగు మీది గ్లాసులన్నీ మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"ఈ గ్లాసుల్లో నీళ్ళు మా బోరువే కదా టీచరమ్మా," అన్నాడు. "మా బోరు ఉప్పు. ఉప్పునీళ్ళల్లో విత్తనం యాడ మొలుస్తాది?"

అవే నీళ్ళు పోసిన మూడు గ్లాసుల్లో మొలిచాయని ఆమె చూపించింది. చెన్నప్ప వాటినీ వంగి చూశాడు.

"మొండి విత్తనం అయ్యుంటాది," అని నవ్వాడు. ఆ తరువాత నవ్వు మానేసి, కొంచెం అలసటగానే అన్నాడు. "లారీలో వచ్చింది దించినానమ్మా. మూటమూటకూ చీటీ ఉండాది, సీలు ఉండాది. నేనేమన్నా కాయలోపలికి పోయి చూసొచ్చినానా?"

గొంతు పెంచలేదు, బెదిరించలేదు. పోతూ పోతూ మాత్రం వరండాలో ఆగి, పిల్లలు తాగే నీళ్ళ ట్యాంకు కడిగించి ఎన్నాళ్ళయిందని హెడ్‌మాస్టరును అడిగాడు. ఒక పది రోజులు బోరు నీళ్ళు ఆపేసి శుభ్రంగా కడిగిస్తే మేలు కదా అన్నాడు. బడిలోని మూడు వందల మంది పిల్లలకు మరో బోరు లేదు.

చెన్నప్ప స్కూటరు చప్పుడు వినపడకుండా పోయేదాకా నారాయణప్పగారు వరండాలోనే నిలబడ్డారు.

"నీకు తెలియందేముందమ్మా," అన్నారు తరువాత. "రికార్డులో వచ్చింది ఏ కాలంలోనన్నా రాసినారా? రావలసింది రాస్తారు."

అదీ నిజమే. డిగ్రీ పరీక్షలో మైక్రోస్కోపులో హేమావతికి కనిపించినవి గాలిబుడగలు. పుస్తకంలో ఉన్నట్టు కణవిభజన దశలు నాలుగూ పొందికగా గీసి, రంగులు కూడా వేసి, ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకుంది. ఆమెకు పాఠం చెప్పిన మేడమూ అంతే. స్లైడు పగిలినా, మందు వాసన పోయినా, దీపంలో స్పిరిట్ లేకపోయినా రికార్డులో ప్రతి ప్రయోగమూ చక్కగా వచ్చి తీరవలసిందే. అది అబద్ధమని ఎవరూ అనుకోరు. అది రికార్డు.

శనివారం ఆమె నిదానంగా చెప్పి రాయించింది. ఉద్దేశం, కావలసిన వస్తువులు, చేసిన విధానం. ఫలితం దగ్గరికి వచ్చి ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. గ్లాసులు లేవు. పొద్దున్నే అటెండరు యేసన్న కడిగి బోర్లించాడు. "పది గింజలలో తొమ్మిది మొలకెత్తినవి," అని చెప్పింది.

కలాలు కదిలాయి. ప్రసూన కలం కదలలేదు.

"మావి రెండే కదా మేడం."

"రావలసింది రాయాలమ్మా. మన ప్రయోగంలో ఏదో తప్పు పోయింటాది."

ప్రసూన ఇంకొంచెంసేపు ఆమె ముఖం చూసి, తలవంచి రాసుకుంది. నలభై పుస్తకాల్లోనూ తొమ్మిదేసి మొలిచాయి. నలభై ఎర్ర సంతకాలు, కింద తేదీ. అన్నీ పెట్టేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి. సాయంత్రం నారాయణప్పగారు అడగకుండానే అన్నారు, మైక్రోస్కోపు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోమని.

*

ఆదివారం సాయంత్రం వాన పడింది. సోమవారం బడిలో ముక్కాలు బెంచీలు ఖాళీ.

సాయంత్రం బస్సు కిటికీలోంచి చూస్తే చేలన్నీ మనుషులతో నిండి ఉన్నాయి. నాగలి వెనక ఆడవాళ్ళు ఒడిలోంచి గింజలు తీసి సాలులో విడుస్తూ, ఆదరాబాదరాగా నడుస్తున్నారు. ఊరి మలుపులో బస్సు నెమ్మదించినప్పుడు ముందు సీట్లలో నవ్వులు లేచాయి. సోమప్ప చేను అది. నాలుగెకరాల చేనులో మూడెకరాలు వదిలేసి, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక్క ఎకరంలోనే దున్నుతున్నాడు. ఒక సాలుకు పక్కనే, జానెడు దూరం కూడా లేకుండా ఇంకో సాలు. వెనక భార్య, కూతురు గింజకు గింజ తగిలేటట్టు కుమ్మరిస్తున్నారు.

సోమప్పకు మతి పోయిందన్నారొకరు. నాలుగెకరాల విత్తనం ఎకరాకు పోస్తే దుబ్బును దుబ్బు తినేస్తుందన్నారింకొకరు. శనక్కాయతో గోడ కడుతున్నాడని కండక్టరు అన్నాడు, బస్సంతా నవ్వింది.

హేమావతి నవ్వలేదు. లెక్క ఆమెకు అర్థమైంది. పదికి రెండు మొలిచే విత్తనాన్ని నాలుగెకరాల్లో వేస్తే నాలుగెకరాలూ పోతాయి. అంతా ఒకేచోట వేస్తే ఒక ఎకరం నిలుస్తుంది. ప్రసూన ఒడి ఖాళీ చేసి, మళ్ళీ నింపుకోవడానికి గట్టు మీది మూట దగ్గరికి వచ్చింది. తలెత్తితే బస్సు కనిపిస్తుంది. హేమావతి ఆలోపే రెండో వైపు కిటికీలోకి ముఖం తిప్పుకుంది.

అటువైపు రామాంజులు చేను. ఓబిలేష్ తండ్రి. గుత్తకు తీసుకున్నదీ కలిపి ఐదెకరాలూ గట్టు నుంచి గట్టు దాకా వరసలు తీర్చి వేస్తున్నాడు. చూడముచ్చటగా ఉంది.

*

రెండు వారాలు దాటాక, బుధవారం పొద్దున ప్రార్థన అయ్యాక రామాంజులు బడికి వచ్చాడు. వరండా మెట్టు దగ్గర చెప్పులు విడిచి, తువ్వాలులో చుట్టిన పుస్తకం ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. హేమావతి బయటికి వచ్చింది. చుట్టిన అట్ట అంచు చూడగానే అది ఏ పుస్తకమో పోల్చుకుంది.

చేనులో మొలక రాలేదన్నాడతను. అక్కడక్కడ, చింపిరి తలలో వెంట్రుకల మాదిరి వచ్చిందన్నాడు. మళ్ళీ వేద్దామంటే విత్తనం లేదు, పదునూ లేదు. ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, తువ్వాలు విప్పాడు.

"వేసే ముందర ఊర్లో ఎవరో గింజ చచ్చిందన్నారమ్మా. సోమప్ప బిడ్డ అనిందంట. నాకూ అనుమానం వచ్చింది. మావాడు ఈ బుక్కు చదివి చూపిచ్చినాడు. పదికి తొమ్మిది అని ఉండాది. సంతకం మీదే అన్నాడు. ఆ పిల్ల మాట వినేదా, మీ మాట వినేదా?" పేజీ తెరిచి, ఎర్రసంతకం కింద గోరుపెట్టి చూపించాడు. "మీ చేతిలో తొమ్మిది మొలిచినాయి. నా చేతిలో మొలవలా. లోతు ఎక్కువైందేమో, పదును తక్కువైందేమో. నేను చేసిన తప్పేందో చెప్పమ్మా. వచ్చే ఏటికన్నా తెలుసుకుంటా."

ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. లోపల పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు, ఎవరో తప్పు చెబితే ఎవరో నవ్వుతున్నారు.

"నీ తప్పేం లేదన్నా," అంది చివరికి.

"మరెవరిదమ్మా?"

హేమావతి చెప్పడానికి నోరు తెరిచింది. ఆఫీసుగది గుమ్మంలో నారాయణప్పగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. వరండా చివర నీళ్ళ ట్యాంకు కింద పిల్లలు దోసిళ్ళు పట్టి తాగుతున్నారు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది.

రామాంజులు పుస్తకాన్ని జాగ్రత్తగా, మూలలు నలగకుండా, మళ్ళీ తువ్వాలులో చుట్టాడు.

"పోనీలేమ్మా. ఈ పొద్దు కళ్యాణదుర్గం అగ్రికల్చర్ ఆఫీసుకు పోతాండాం పదిమందిమి. నష్టం రాసుకుంటారంట. ఈ బుక్కు కూడా చూపిస్తా. చదువుకున్నోళ్ళ చేతిరాత ఒకటి ఉంటే మంచిది కదా."

అతను మెట్టు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. విత్తనం మంచిదేననీ, వేసినవాడిదే తప్పనీ చెప్పడానికి ఆఫీసువాళ్ళకు అంతకంటే మంచి కాగితం దొరకదు. అది అతనే మోసుకుపోతున్నాడు, తువ్వాలులో చుట్టి. రోడ్డు మీద హారన్ మోగింది. తొమ్మిదిన్నర బస్సు.

*

మూడో పీరియడ్‌కు మైక్రోస్కోపు వచ్చింది. యేసన్న దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి, పగిలితే మీ జీతమేనని మరోసారి గుర్తుచేసి, బల్ల మీద పెట్టాడు.

వేరు కొనలకోసం హేమావతి ఎవరినీ అడగలేదు. ప్రసూన తనే ఒక పిడికెడు మొక్కలు తడిగుడ్డలో తెచ్చింది. పచ్చగా, బలంగా ఉన్నాయి, వేళ్ళకు ఎర్రమన్ను అంటుకుని.

"వత్తుగా మొలిచినాయి మేడం. నాయన నడుమ నడుమ పీకేయమన్నాడు."

తక్కిన పిల్లల్లో చాలామంది చేలల్లో పీకేయడానికి ఏమీ లేదు.

హేమావతి కొనలను బ్లేడుతో గోరంత కోసింది. వాచ్‌గ్లాసులో ఆమ్లంలో వేసి, దీపం మీద ఆవిరి వచ్చేదాకా వేడి చేసింది. కడిగి, ఎర్రరంగు చుక్క వేసి, పైన పలుచని గాజుముక్క మూసి, అద్దుడు కాగితం పెట్టి బొటనవేలితో కదలకుండా నొక్కింది. ఇవన్నీ ఆమె పదకొండేళ్ళుగా నోటితో చేసిన పనులు. టీచరయ్యాక చేతితో చేయడం ఇదే మొదలు. కన్ను ఆనించి మర తిప్పింది. మొదట మసక. తరువాత ఇటుకల గోడలా కణాలు. ఆ గోడలో ఒకచోట, ముదురు ఎరుపు పోగులు కొన్ని నడుమ నుంచి విడిపోయి, చెరో పక్కకూ పోతూ పోతూ ఆగిపోయి ఉన్నాయి. గచ్చు మీద పిల్లలు పట్టుపోగులు లాగినట్టే.

ఆమె దాన్ని చూడటం జీవితంలో అదే మొదటిసారి. అదే కొన ఇంకా చేనులో ఉంటే, ఈపాటికి ఆ రెండూ నాలుగయ్యేవి.

పిల్లలు వరుసలో వచ్చి ఒంటికన్ను మూసి చూశారు. ఓబిలేష్ అందరికంటే ఎక్కువసేపు చూశాడు. హాస్యం ఏదైనా ఆడతాడేమోనని వెనకవాళ్ళు ఆగారు. అతను కన్ను తీయకుండానే, ఇది ప్రసూనావాళ్ళ చేనిదే కదా అని అడిగి, అవునన్నాక పక్కకు తప్పుకున్నాడు.

రాసుకునే వేళకు ప్రసూన రికార్డు పుస్తకం బల్ల మీద పెట్టింది. హేమావతి వెనక్కి తిప్పి పాత పేజీ చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పది గింజలలో తొమ్మిది మొలకెత్తినవి.

"నువ్వూ ఇదే రాసినావే?"

"మీరు చెప్పినారు కదా మేడం. మార్కులు కావల కదా." పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. "నాయనకు రాసింది చూపియ్యలా. అదే మాదిరి ఇంట్లో మళ్ళీ నానబెట్టి, గ్లాసు చూపిచ్చినా." కలం మూత తీసి పట్టుకుని అడిగింది. "ఇప్పుడు ఏం రాయల్ల మేడం? వచ్చిందా, రావలసిందా?"

హేమావతి ఎర్రకలం తీసుకుంది. తొమ్మిది కొట్టేసింది. రెండు అని రాసింది. పక్కన ఆ పొద్దు తేదీ వేసి, పొట్టి సంతకం కాదు, పూర్తిపేరు రాసింది. చేయి చాపితే రెండో పుస్తకం వచ్చింది, మూడోది వచ్చింది. పిల్లలు తమవి ఎన్ని మొలిచాయో ఒక్కొక్కరే చెప్పారు. ఎవరూ మరిచిపోలేదు. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ రెండు. ఇంటి విత్తనం ముగ్గురివీ ముట్టుకోనక్కరలేదు గానీ, వాటిమీదా మళ్ళీ సంతకం పెట్టింది. గుమ్మంలోకి నారాయణప్పగారు వచ్చి, చూసి వెళ్ళిపోయారు. కాసేపటికి చెన్నప్పకు కబురు చేయమని యేసన్నకు చెబుతున్న గొంతు వినిపించింది.

చివరికి ముప్పై తొమ్మిది పుస్తకాలు బల్ల మీద పేర్చి లెక్కపెట్టుకుంది. నలభయ్యోది ఈపాటికి కళ్యాణదుర్గంలో బస్సు దిగి ఉంటుంది. దానిలో ఇంకా పదికి తొమ్మిది మొలిచే ఉన్నాయి.